తొమ్మిదో గూటిలో పసుపు బొట్టు

"ఆ మనిషిని సంపింది నా చేతులేనా అప్పా?"

శశికళ నన్ను అడిగిన మొదటి మాట అదే. నా పేరు అడగలేదు, నన్ను ఎవరు పంపారనీ అడగలేదు. మీటింగ్ గదిలో బల్ల మీద రెండు అరచేతులూ పరిచి, వాటినే చూస్తూ అడిగింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. మూడు రోజులుగా నిద్ర లేదని ఆ కళ్ళే చెబుతున్నాయి.

గోడ గడియారంలో రెండూ యాభై అయింది.

"తెలీదమ్మా," అన్నాను. "తెలుసుకునేదానికే వచ్చినా. మీ యమ్మ మునిరత్నమ్మ పొద్దున్నే సోమేనహళ్ళి నుంచి బస్సులు మారి చింతామణికి వచ్చి, నా గడప మీద కూర్చునేసింది. నా పేరు ధనుంజయ. ముప్పై ఏండ్లు టెలిఫోన్ శాఖలో కేబుళ్ళు అతికినా. ఇప్పుడు డిటెక్టివ్ పని చేస్తాండా."

సంగతి నాకు మునిరత్నమ్మ చెప్పిందే. సోమవారం పొద్దున పదీ ఇరవై నుంచి పదీ ముప్పై తొమ్మిది దాకా, పంతొమ్మిది నిమిషాలు, 'పిలుపు' అంబులెన్సులకు దారి చూపే సర్వర్ మూగబోయింది. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎవరు ఆపదలో ఫోన్ చేసినా ఆ ఫోన్ వచ్చి చేరేది చిక్కబళ్ళాపుర శివార్లలో ఉన్న ఈ డేటా సెంటర్‌కే. ఏ బండి దగ్గరగా ఉందో చూసి పంపేది ఆ సర్వరే. సరిగ్గా ఆ పంతొమ్మిది నిమిషాల్లోనే బట్లహళ్ళి రైతు వెంకటరామప్పకు గుండెనొప్పి వచ్చింది. ఆయన భార్య జయలక్ష్మమ్మ పదకొండు సార్లు ఫోన్ చేసింది. చివరికి టమాటా బండిలో పడుకోబెట్టి తెచ్చారు. ఆస్పత్రి గేటు దగ్గరే ప్రాణం పోయింది.

కంపెనీ వాళ్ళు బెంగళూరు నుంచి అమరేష్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. అతను ఒక్క పూటలో తేల్చేశాడు. తీగలు బిగించింది శశికళ, కాబట్టి తప్పు శశికళది. సాయంత్రం ఐదింటికి ఆ నివేదిక పోలీసుల చేతికి పోతుంది. ఆ తర్వాత ఈ పిల్ల ఎక్కడికి పోతుందో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పు," అన్నాను. "ఏమి జరగల్ల? ఏమి జరిగింది?"

ఆమె చేతులు లేపి గాలిలో రెండు పెట్టెలు గీసింది.

"రెండు స్విచ్‌లు ఉండాయప్పా. అచ్చం ఒకటే మాదిరి. ప్రతి సర్వర్ నుంచి రెండు తీగలు వస్తాయి, ఒకటి ఈ స్విచ్‌కి, ఒకటి ఆ స్విచ్‌కి. స్విచ్‌లు రెండింటి మధ్యన ఒక లావు తీగ ఉంటాది. దాంట్లో అవి ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటా ఉంటాయి. ఒక స్విచ్ సచ్చిపోయినా సర్వర్ ఆగదు. రెండో తీగలో నడిచిపోతాది."

"మధ్యలో ఎంతసేపు ఆగుతాది?"

"రెప్పపాటు కూడా పట్టదప్పా."

మా కాలంలో వానకు ఒక కేబుల్ తడిస్తే ఒక ఊరు మొత్తం చెవిటిదైపోయేది. నడుము లోతు గుంటలో కూర్చుని, దీపం పెట్టుకుని, రెండు వందల జతల తీగలు ఒక్కొక్కటే కలిపేవాళ్ళం. తెగకముందే రెండో తీగ వేసి పెట్టాలన్న ఆలోచన మా పై అధికారులకు ఒక్కడికీ రాలేదు. ఆ ఆలోచన వచ్చిన బుర్ర ఏ దేశంలో ఉందో గానీ, దానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"మరి సోమవారం?"

"మొదటి స్విచ్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వేసేదానికి దాన్ని ఆపినాం. పదహారు సర్వర్లలో పదహైదు కదల్లేదు. పద్నాలుగోది పడిపోయింది. అదే పిలుపు సర్వర్. దాని రెండు తీగలూ మొదటి స్విచ్‌లోనే ఉండాయంట. నేను అట్ల వెయ్యలేదప్పా. రిజిస్టర్లో రాసి సహి కూడా చేసినా. కానీ..." అరచేతులు మళ్ళీ చూసుకుంది. "ఈ రెండేండ్లలో వేల తీగలు పెట్టినా. యాడో ఒకచోట తప్పినానేమో. అట్లయితే ఆయన్ని నేనే కదా..."

"రెండూ ఒకే దాంట్లో ఉంటే అలారం మోగల్ల కదా?"

"తీగ తెగితే మోగుతాది. రెండూ బాగా పనిచేస్తాంటే ఎందుకు మోగుతాదప్పా?"

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. అమరేష్. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో మూడు కార్డులు, చంకలో లాప్‌టాప్, ముఖం నిండా ముగిసిపోయిన కేసు.

"పది నిమిషాలే అన్నా కదప్పా. రవీంద్ర సార్ జాలిపడి మిమ్మల్ని లోపలికి పంపినాడు. నేనైతే గేటు దాటనిచ్చుండను."

అది నిజమే. రెండున్నరకు మేనేజర్ రవీంద్ర స్వయంగా గేటు దాకా వచ్చాడు. నా పాస్ మీద సంతకం చేసి, రెండు చేతులూ పట్టుకుని, "ఎట్లైనా ఆ పిల్లను కాపాడండప్పా" అన్నాడు. మెత్తని చెయ్యి, మెత్తని మాట. చింతామణిలో ఉన్న తమ రెండో సెంటర్లో పని ఉందని కారెక్కి వెళ్ళిపోయాడు.

"స్విచ్‌లున్న గది చూడల్ల," అన్నాను.

"కుదరదు. అది సాక్ష్యం. మంగళవారమే సీల్ చేసినాం."

"చేసింది పోలీసులా?"

"కంపెనీ."

"అయితే కంపెనీ మేనేజర్ సహి చేసిన పాస్ ఇది. ఏమి రాసినాడో నువ్వే చదువు."

అందులో 'సర్వర్ గదితో సహా' అని ఉంది. అమరేష్ చదివాడు, మళ్ళీ చదివాడు. పళ్ళు కొరికాడు.

"ఏదీ ముట్టుకోకూడదు. ఈమె నేల మీద టేపు దాటి రాకూడదు. అయినా ఆడ మీకేమి కనపడుతాది? లాగ్‌లు అన్నీ నేను చూసినా. పాతవి చెరిగిపోయినాయి. మిగిలిందల్లా తీగలే."

"నేను తీగల మనిషినే అప్పా."

*

గది తలుపు తీసింది బైరప్ప. అరవై దాటిన మనిషి, బాగేపల్లి వైపు సేద్యం వదిలేసి వచ్చి ఇక్కడ ఊడ్పు తుడుపు చూస్తున్నాడు. మూడూ పదిహేను. చెప్పులు విడవమన్నాడు. విడిచాను.

లోపల చలి. వందల ఫ్యాన్ల హోరు, ఏటి గట్టున నిలబడినట్టు. నల్లటి బీరువాలో ఒకదాని పక్కన ఒకటి రెండు స్విచ్‌లు. వాటి నిండా ఆకుపచ్చ దీపాలు ఆగకుండా రెపరెపలాడుతున్నాయి. ఒక్కో రెపరెప ఎక్కడో ఒక మనిషి గొంతు, ఒక బండి చక్రం. ఇంత ఇరుకు జాగాలో ఇన్ని ఊళ్ళ ఊపిరి ఉందంటే నా ఒళ్ళు జలదరించింది. నాస్తికుణ్ణి కాను గానీ గుడిలో కూడా నాకు ఎప్పుడూ ఇలా అవలేదు.

"ఇది దాపటెద్దు, అది ఎలపటెద్దు," అన్నాడు బైరప్ప మెల్లగా, నా ముఖం చూసి. ఎడమ వైపు కట్టే ఎద్దు దాపట, కుడి వైపుది ఎలపట. అంటే శశికళ చెప్పిన మొదటి స్విచ్ దాపట, రెండోది ఎలపట. "మధ్యన ఆ లావు తీగ కాడి. మా ఎద్దుల్లో ఒకటి కూలబడితే బండి ఆడికాడికే ఆగిపోయేదప్పా. ఈ జత అట్ల కాదు. ఒకటి పండుకుంటే రెండోది ఒక్కటే లాగుతాది. బండిలో కూర్చున్నోళ్ళకి కుదుపు కూడా తెలీదు. నా జన్మలో ఇట్లాంటి జత చూళ్ళేదు."

అమరేష్ ముక్కుతో నవ్వాడు. నాకు కోపం వచ్చింది. మూడు కార్డుల మనిషి చెప్పలేని సంగతి బైరప్ప రెండు ఎద్దులతో చెప్పాడు.

భూతద్దం, టార్చి తీశాను. ఒక్కో స్విచ్ ముఖం మీద వరసగా తీగలు దూర్చే రంధ్రాలు. పోర్టులంటారు. నాకు పిట్టగూళ్ళలా కనిపించాయి. సర్వర్ నంబరే గూటి నంబరు. దాపటలో పదహారు గూళ్ళు, పదహారు నల్ల తీగలు. ఎలపటలోనూ అంతే. ఒక్కటీ ఖాళీ లేదు.

దాపట మొదటి గూటి దగ్గర టార్చి పెట్టగానే ఎర్రగా ఏదో కనిపించింది. ఆవగింజంత చుక్క. సగం తీగ మూతి మీద, సగం గూటి అంచు మీద. రెండో గూటి దగ్గర కూడా. మూడో గూటి దగ్గర కూడా.

"ఇదేందప్పా బైరప్పా?"

బైరప్ప భయంగా అమరేష్ వైపు చూశాడు. "ఆయుధ పూజ బొట్లప్పా. పోయిన బుధవారం పెట్టినా."

"స్విచ్‌లకు కుంకుమా?" అమరేష్ అరిచినంత పని చేశాడు. "ఏమి మనుషులు మీరు? ఇది డేటా సెంటరా, ఎద్దుల కొట్టమా?"

"నువ్వు కాసేపు గమ్మునుండప్పా," అన్నాను. "బైరప్పా, నువ్వు చెప్పు. దేంతో పెట్టినావు?"

"నీళ్ళతో కలిపి, పుల్ల మొనతో. శశమ్మ తిడతాదని ఆవగింజంతే పెట్టినా."

"సగం తీగ మీద, సగం గూటి మీద ఎందుకు?"

"కలిసే చోటే పెట్టల్ల కదప్పా. బండికి కూడా కాడి, నొగ కలిసే చోట పెడతాం. ఒకదానికే పెడితే అదొక్కటే సల్లగుంటాది. కలిసే చోట పెడితే రెండూ సల్లగుంటాయి."

టెలిఫోన్ శాఖలో కేబుల్ పెట్టెకు లక్క వేసి సీలు కొట్టేవాళ్ళం, ఎవరైనా విప్పితే పగులుతుందని. ఈ మనిషి తనకు తెలియకుండానే ముప్పై రెండు తీగలకు ముప్పై రెండు సీళ్ళు వేశాడు.

"అన్నింటికీ కుంకుమేనా?"

"లేదప్పా. దాపటకు కుంకం, ఎలపటకు పసుపు. మా తాత కాలం నుంచి మా యెద్దులకు అంతే. ఏది ఏ పక్కదో కలిసిపోకూడదని."

ఇక నేను ఒక్కో గూడూ చూసుకుంటూ పోయాను. నాలుగు, అయిదు, ఆరు. ఎర్ర సగం, ఎర్ర సగం. ఏడు, ఎనిమిది, అంతే. తొమ్మిది దగ్గర ఆగిపోయాను.

గూటి అంచు మీద ఎర్ర సగం ఉంది. తీగ మూతి మీద మాత్రం పసుపు.

"అమరేషప్పా, ఇట్ల రా."

అతను వంగి చూశాడు. "తెలుసు. అది పద్నాలుగో సర్వర్ రెండో తీగ. మంగళవారం లాగి చూసినా. ఎలపటలో ఉండాల్సింది. శశికళ మొదట్లోనే తప్పుగా దీంట్లో పెట్టేసింది."

"మొదట్లోనే పెట్టుంటే దీని మూతి మీద ఎర్ర బొట్టు ఉండల్ల. పూజ రోజు ఈ తీగ ఎలపటలోనే, దాని జాగాలో అది ఉన్నింది. అందుకే పసుపంటింది. ఆ తర్వాత ఎవరో పెరికి ఈడ పెట్టినారు."

అమరేష్ పోటీదారుడే గానీ బుర్ర లేనివాడు కాదు. "తర్వాత మార్చింది కూడా ఆమే కావచ్చు కదా?"

మంచి ప్రశ్న. భూతద్దం మళ్ళీ పెట్టాను. ఆ పసుపు సగం గుండ్రంగా లేదు. వెనక్కి సాగి ఉంది, తోకలాగా. ఆ తోక మీద సన్నని గీతలు. మనిషి వేలి గీతలు.

"తడిగా ఉన్నప్పుడే పట్టుకుని లాగినారు," అన్నాను. "బైరప్పా, ఈ గాలికి బొట్టు ఆరేదానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు కూడా పట్టదప్పా."

"నువ్వు పసుపు పెట్టేది ఎప్పుడు ముగించినావు?"

"పదకొండూ నలభై. ఆ వెంటనే అందరూ బయటి హాల్లో హారతికి పోయినాం."

"శశికళ?"

"పళ్ళెం శశమ్మ చేతిలోనే ఉన్నింది కదప్పా! నేను బయటికి వచ్చేసరికే కర్పూరం వెలిగించింది. పన్నెండు కొట్టేదాకా ఆడనుంచి కదల్లేదు. అందరం చూసినాం."

టేపు అవతల నిలబడిన శశికళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చేతినే ముఖం ముందుకు తెచ్చుకుని, ఎవరిదో పరాయి చెయ్యి చూసినట్టు చూసింది. ఏడ్చింది. ఏడవనిచ్చాను. మూడు రోజులుగా మోస్తున్న బరువు అది.

"కెమెరా ఉండాది కదా," అన్నాడు అమరేష్, గొంతు తగ్గించి. "ఆ రోజుది నేను చూసినా. అంతా పసుపు రంగు మచ్చ. పాడైందనుకున్నా."

బైరప్ప తల దించుకున్నాడు. "దానికి కూడా బంతిపూల దండ వేసినామప్పా. కన్ను మూసుకుపోయుంటాది. మేనేజర్ సారే చెప్పినాడు, అది కూడా ఆయుధమే కదా బైరప్పా, దానికీ ఒకటి వెయ్యి అని."

"తలుపుకు కార్డు తాళం?"

"హారతి లోపల యంత్రాలకు కనపడల్ల కదప్పా. పీట అడ్డం పెట్టి తెరిచి పెట్టినాం."

అమరేష్ నుదురు కొట్టుకున్నాడు. కోట్లు పోసి కట్టిన కాపలా ఒక దండతో, ఒక పీటతో నిద్రపోయింది. నవ్వు రావాల్సిన చోట నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అప్పటికే ఇంకో ప్రశ్న నన్ను కుడుతోంది.

"ఇది తొమ్మిదో గూడు," అన్నాను. "పద్నాలుగో దాని తీగ వచ్చి దీంట్లో కూర్చుంది. మరి ఈ గూటి పిట్ట యాడికి పోయింది?"

"తొమ్మిదో సర్వర్‌దా? అది బాగానే ఉండాదప్పా. పద్నాలుగు సీల్ చేసినాక, మంగళవారం నుంచి పిలుపు పనంతా తొమ్మిది మీదనే నడుస్తాండాది."

"సోమవారం పొద్దున దాకా పద్నాలుగు కూడా బాగానే నడిచింది."

ఎలపట ముందుకు జరిగాను. పసుపు, పసుపు, పసుపు. తొమ్మిదో గూట్లో పసుపు సగం, పసుపు సగం. సరిగ్గా ఉంది. పది, పదకొండు, పన్నెండు, పదమూడు. పద్నాలుగో గూటి అంచు పసుపు. అందులో ఉన్న తీగ మూతి మీద ఎర్రగా కుంకుమ.

ఎవరో రెండు తీగలు తారుమారు చేశారు, అంతే. ఒక్క నిమిషం పని. పద్నాలుగు రెండు కాళ్ళూ దాపట మీద, తొమ్మిది రెండు కాళ్ళూ ఎలపట మీద. పెరికిన ఆ నిమిషం అలారం మోగినా హారతి సందడిలో కలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత గూడు ఖాళీ లేదు, అలారం లేదు, ఎవరికీ అనుమానం లేదు. ఇంత పెద్ద జత కట్టిన బుద్ధిని చూసి ఎంత ఆశ్చర్యపోయానో, దాన్ని ఇంత చిన్న పనితో విరగ్గొట్టిన బుద్ధిని చూసి అంత భయపడ్డాను.

"అప్పా!" శశికళ కేక వేసింది. "టైమెంత?"

"మూడూ నలభై తొమ్మిది."

"నాలుగింటికి ఎలపటను ఆపుతారు! సోమవారం దాపటకు వేసిన సాఫ్ట్‌వేరే ఈ పొద్దు దీనికి వెయ్యల్ల. టైమర్ పెట్టేసినారు. అది ఆగితే తొమ్మిది పడిపోతాది. తొమ్మిది పడితే పిలుపు పడిపోతాది!"

గోడ మీద పిలుపు తెర వెలుగుతోంది. మూడు తాలూకాల పటం, దాని మీద కదులుతున్న అయిదు బండ్లు. స్పీకర్‌లో పిలుపు కేంద్రం నుంచి ఆశ అనే అమ్మాయి గొంతు వినిపిస్తోంది. బాగేపల్లి నుంచి ఒక పాము కాటు. సోమేనహళ్ళి నుంచి నొప్పులు పడుతున్న ఒక గర్భిణి.

అమరేష్ అప్పటికే లాప్‌టాప్ తెరిచాడు. వేళ్ళు పరుగెత్తాయి, ఆగాయి. "నాకు చూసే హక్కే ఉండాది. టైమర్ ఆపే హక్కు రవీంద్ర సార్ ఒక్కరిదే." ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాడు. స్విచ్ ఆఫ్.

మూడూ యాభై మూడు.

"తీగలు మార్చేద్దాం," అన్నాను.

"సాక్ష్యం చెడిపోతాదప్పా! కోర్టులో నేనేమి చెప్పల్ల?"

"సాక్ష్యం కావల్లంటే ఫొటో తీసుకో. పోయిన ప్రాణానికి ఫొటో ఎందుకప్పా, దండ వేసుకునేదానికా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమరేష్ ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత ఫోన్ తీసి రెండు గూళ్ళకూ దగ్గరగా నాలుగైదు ఫొటోలు తీశాడు. ఆ పని అవగానే వంగి, నేల మీద అతికించిన టేపును తానే చించేశాడు.

"రామ్మా," అన్నాడు.

శశికళ కదల్లేదు. "నా చేతులతో వద్దు సార్. ధనుంజయప్ప పెట్టనీ."

"నా చేతులు రాగి తీగలవి," అన్నాను. "ఇవి నీ తీగలు. నీ చేతులు తప్పు చెయ్యలేదని ఆ బొట్లే చెప్పినాయి కదా. రా తల్లీ."

వచ్చింది. దాపట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేను టార్చి పట్టుకున్నాను. తొమ్మిదో గూట్లోంచి పద్నాలుగో దాని తీగ లాగి పక్కన పెట్టింది. ఎలపట పద్నాలుగో గూట్లో ఉన్న తీగ మీద వేళ్ళు పెట్టి ఆగింది. తొమ్మిదో సర్వర్ ఇప్పుడు నిలబడింది రెండు కాళ్ళ మీద. అందులో ఒకటి పెరకాలి.

"రెండోది మోస్తాది," అంది తనకు తానే. లాగింది.

స్పీకర్‌లో ఆశ గొంతు ఆగలేదు. సోమేనహళ్ళి బండికి దారి చెబుతూనే ఉంది.

శశికళ ఆ తీగను దాపట తొమ్మిదో గూటి దగ్గరకు తెచ్చి నెట్టింది. టిక్కుమంది. తీగ మీది ఎర్ర సగం, గూటి మీది ఎర్ర సగం కలిసి మళ్ళీ ఒక నిండు బొట్టయింది. లెక్కపెట్టినట్టు మూడు క్షణాలు చీకటి, ఆ తర్వాత పచ్చ దీపం వెలిగింది. మూడూ యాభై ఎనిమిది.

బైరప్ప కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు.

నాలుగు.

ఎలపట మీది దీపాలన్నీ ఒక్క దెబ్బకు ఆరిపోయాయి. అందులో మిగిలిన పదిహేను తీగలు ఒకేసారి చచ్చిపోయాయి. నేను తెర వైపు చూశాను. అయిదు బండ్లు. అయిదూ కదులుతున్నాయి.

"...ఎడమ పక్కకు తిరుక్కోండన్నా, ఇంకా ఆరు నిమిషాలు, అమ్మకు ధైర్యం చెప్పండి..."

ఆశ మాటలో ఒక్క అక్షరం కూడా తెగలేదు. తన కాళ్ళ కింద నుంచి సగం నేల జారిపోయిందని ఆ పిల్లకు తెలియదు. బండిలో నొప్పులు పడుతున్న ఆడమనిషికీ తెలియదు. నాకు ముప్పై ఏళ్ళ గుంటలు, వానలు, తెగిన తీగలు అన్నీ గుర్తుకొచ్చి కళ్ళు తడిశాయి. సిగ్గుపడలేదు.

"అంతేనా?" అన్నాను.

"అంతే అప్పా," అంది శశికళ. ఈసారి నవ్వుతూ ఏడ్చింది.

ఆ రెండూ అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది. పదకొండూ నలభైకి బయట హారతి, లోపల ఎవరు?

"బైరప్పా, ఆ రోజు ఫొటోలు తీసినారా?"

"తీసినారప్పా, పదకొండూ యాభై రెండుకి. నేను నడిమధ్యలో ఉండా!" అని గర్వంగా ఫోన్ తీసి చూపించాడు. పద్నాలుగు మంది. అందరి నుదుటా ఎర్ర బొట్టు. మధ్యలో హారతి పళ్ళెంతో శశికళ. కుడి చివర, అప్పుడే వచ్చి నిలబడ్డట్టు, కొంచెం పక్కకు ఒరిగి ఒక తెల్ల చొక్కా మనిషి. ఆ చొక్కా జేబు అంచు మీద ఏదో మచ్చ. ఫొటోను పెద్దది చేశాను. పసుపు. బొటనవేలంత.

"బయట పూజలో పసుపు వాడినారా?"

"లేదప్పా, అందరూ నన్ను తిట్టినారు. పసుపు గిన్నె లోపలే మరిచిపోయినా. అదిగో, ఇంకా ఆడే ఉండాది."

స్విచ్‌ల బీరువా నెత్తిన ఒక చిన్న స్టీలు గిన్నె. అడుగున పసుపు ఎండి బీటలు వారింది. పుల్ల ఇంకా అందులోనే ఉంది.

తెల్ల చొక్కా రవీంద్రది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ముసలోడికి ఏం తెలుస్తుందిలే అని పాస్ మీద సంతకం చేసిన దొంగను బైరప్ప పసుపు పట్టేసింది. ఎందుకు చేశాడో నాకింకా తెలియదు.

అమరేష్ ఫోన్ మోగింది. తెర మీద అదే పేరు. నాలుగూ ఏడు. స్పీకర్ పెట్టమని సైగ చేశాను.

"అమరేష్, ఏమిది ఘోరం!" అదే మెత్తని గొంతు. "తొమ్మిదోది కూడా పడిపోయిందంట కదా? ఆ పిల్ల ఎంత పని చేసింది చూడు!"

అమరేష్ ఫోన్‌ను నా వైపు జరిపాడు. మేం నలుగురం తప్ప తొమ్మిది సంగతి ఎవరికీ తెలియదు.

"తొమ్మిదోది అని నీకు ఎవరు చెప్పినారు రవీంద్రప్పా?" అన్నాను.

అటువైపు మాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక హోరు వినిపించింది. మా చుట్టూ ఉన్న హోరు లాంటిదే, కానీ ఫోన్‌లోంచి వస్తోంది. వందల ఫ్యాన్లు.

"తొమ్మిది నడుస్తాండాది," అన్నాను. "బైరప్ప బొట్లు చూసి సరిచేసినాం."

"బొట్లా?" అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. "మంచోడు బైరప్ప. ఈడ చింతామణిలో కూడా ఇట్లాంటి జతే ఉండాది ధనుంజయప్పా. నలభై ఎనిమిది సర్వర్లు. పూజ మరుసటి రోజు నేనొక్కణ్ణే కూర్చుని తీగలన్నీ సర్దినా." కాసేపు ఆగాడు. "ఈడ బైరప్ప లేడు."

ఫోన్ కట్ అయింది.

"చింతామణిలో ఏమి నడుస్తాదమ్మా?" అని అడిగాను.

"మూడు తాలూకాల ఆస్పత్రులకూ రక్తం పంపే పనంతా ఆడనుంచే అప్పా," అంది శశికళ. "ఆడ కూడా ఈ పొద్దే స్విచ్ ఆపుతారు. ఆరింటికి."

అమరేష్ తాను లాక్కున్న ఆమె గుర్తింపు కార్డును జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, కారు తాళాలు వెతుక్కున్నాడు. అప్పటికి నాలుగూ పది.